కాసిల్‌వేనియా సర్కిల్ ఆఫ్ ద మూన్: బలాలు, బలహీనతలు, వైజాగ్‌లో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ గేమ్ గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆపనని మా ఇంట్లోవాళ్ల ఫిర్యాదు. అందుకే అడిగిన ప్రతివాళ్లకీ నోటితో చెప్పే బదులు ఇక్కడ రాసిపెడుతున్నాను. ప్రశ్నలన్నీ నిజంగా అడిగినవే. కొన్ని ఆఫీసు క్యాంటీన్‌లో, కొన్ని ఎంవీపీ కాలనీలో మా డాబా మీద, ఒకటి రెండు అరకు రైల్లో. చివర్లో ఏం జరుగుతుందో మాత్రం బయటపెట్టను.

ఇది ఏ గేమ్? ఎప్పటిది?

కొనామి వాళ్ల కాసిల్‌వేనియా వరసలోది. 2001లో నింటెండో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి కన్సోల్ వచ్చినప్పుడు దాంతోపాటే వచ్చింది. చేసింది కొనామి కోబె స్టూడియో. యూరప్‌లో అమ్మిన డబ్బా మీద ఒట్టి కాసిల్‌వేనియా అనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో అలాంటిది కనబడితే వేరే గేమ్ అనుకుని వదిలేయకండి.

బొమ్మ పక్కనుంచి కనబడుతుంది. చేతిలో కొరడా. ముందు ఒక పెద్ద కోట. ఆ కోట మొత్తం ఒకే మ్యాప్. మొదట్లో సగం తలుపులు తెరుచుకోవు, కొన్ని గట్లు అందవు. ఎక్కడో ఒక శక్తి దొరుకుతుంది, అప్పుడు వెనక్కి వెళ్లి ఆ గట్టు ఎక్కుతారు. ఈ వెళ్లడం, తిరిగి రావడమే ఆట.

గాథిక్ అంటే ఏమిటండీ? దెయ్యాల గేమా?

దెయ్యాలు ఉంటాయి, కానీ గాథిక్ అనేది ముందు చోటుకి సంబంధించిన మాట. పాడుబడ్డ కోట, నేలమాళిగ, చర్చి గోపురం, పున్నమి చంద్రుడు, సమాధుల మధ్య నిశ్శబ్దం. భీమిలిలో డచ్చివాళ్ల పాత సమాధులు ఉన్నాయి కదా, ఆ కూచి గోపురాల్లాంటివి? చీకటి పడే వేళ, సముద్రం హోరు మాత్రమే వినబడుతున్నప్పుడు అక్కడ ఒక ఐదు నిమిషాలు నిలబడండి. నేను చెప్పేది అర్థమవుతుంది. మన శ్మశానం కథల్లో బేతాళుడు చెట్టు మీద ఉంటాడు, ఆరుబయట. వీళ్ల పిశాచానికి మాత్రం నాలుగు గోడలు, మెట్లు, గదులు కావాలి.

కథలో పస ఉందా?

కొంచెమే. 1830లో ఆస్ట్రియాలోని ఒక కోటలో కెమిల్లా అనే ఆమె డ్రాక్యులాని మళ్లీ లేపుతుంది. ఆపడానికి మోరిస్ బాల్డ్విన్ అనే ముసలి వేటగాడు, ఆయన కొడుకు హ్యూ, శిష్యుడు నేథన్ గ్రేవ్స్ వస్తారు. డ్రాక్యులా కుర్రాళ్లిద్దరినీ పాతాళంలోకి పడేసి గురువుగారిని ఉంచుకుంటాడు, బలి ఇవ్వడానికి. మీరు నేథన్.

నాకు నచ్చింది డ్రాక్యులా సంగతి కాదు, హ్యూ సంగతి. కొడుకుని నేనుండగా కొరడా శిష్యుడికి ఎందుకిచ్చావని వాడి కడుపుమంట. ద్రోణుడు, అశ్వత్థామ, అర్జునుడు అనుకోండి, సరిగ్గా సరిపోతుంది. పాపం, దాని మీద ఆట ఖర్చుపెట్టిన మాటలు మాత్రం పది పన్నెండు సంభాషణలకు మించవు. మహాభారతం మొత్తం పోస్ట్‌కార్డు మీద రాసినట్టుంటుంది.

అందరూ "చీకటి గేమ్" అంటారెందుకు?

దీనికి కాస్త పొడుగ్గా చెప్పాలి, ఎందుకంటే ఈ గేమ్‌కి వచ్చిన చెడ్డపేరులో సగం ఇదే.

మొదటి గేమ్‌బాయ్ అడ్వాన్స్ తెరకి లోపల లైటు లేదు. 240 బై 160 చుక్కల బుల్లి తెర, బయటి వెలుగు పడితేనే కనబడుతుంది. అలాంటి తెర మీదకి కోబె వాళ్లు నల్లటి గోడలు, ముదురు నీలం ఆకాశం, బూడిదరంగు అస్థిపంజరాలు ఉన్న గేమ్ పెట్టారు. కన్సోల్‌తోపాటే గేమ్ కూడా రావాలి కాబట్టి, నిజమైన తెర చేతిలో పెట్టుకుని తీరిగ్గా చూసుకునే వ్యవధి దొరకలేదేమోనని నా ఊహ. చివరికి ఏమైందంటే, మీద పడుతున్న గబ్బిలం కొట్టాకగానీ కనబడదు.

మా పెద్దమ్మ కొడుకు న్యూజెర్సీ నుంచి సెలవులకి వచ్చి ఆ కన్సోల్ నాకు వదిలి వెళ్లాడు. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఆడితే తెర మీద నా మొహమే కనబడేది. డాబా మీదకి వెళ్తే బాగా కనబడేది, కానీ ఏప్రిల్ ఎండలో వైజాగ్ డాబా సంగతి మీకు తెలుసు. నీళ్లట్యాంకు నీడలో కూర్చుని, తెర మాత్రం ఎండలోకి చాపి, చెమట చుక్క స్క్రీన్ మీద పడితే లాగూకి తుడుచుకుంటూ ఆడాను. అరకు రైల్లో ఇంకా తమాషా. కొత్తవలస దాటి ఘాట్ ఎక్కాక 50కి పైగా సొరంగాలు. కిటికీ పక్కన హాయిగా ఆడుతుంటాను, సొరంగం రాగానే తెర చచ్చిపోతుంది. పాజ్ కొట్టి బొటనవేలు అక్కడే పెట్టుకుని కూర్చోవడం. బయటికి రాగానే మళ్లీ కొరడా. పక్కసీటు పెద్దాయన "ఏటి బాబూ, అలా ఆగి ఆగి కొడుతున్నావు?" అని అడిగారు.

ఆ ఇబ్బంది ఇప్పుడూ ఉందా?

లేదు. అదే కన్సోల్‌కి 2003లో వచ్చిన ఎస్పీ మోడల్‌కి లైటు ఉంది. నింటెండో తర్వాతి చేతి కన్సోళ్లు మొదటి డీఎస్, డీఎస్ లైట్ కూడా ఈ కాట్రిడ్జ్‌ని, అంటే గేమ్ ఉండే బిళ్లని, తీసుకుంటాయి, వాటి తెరలు వెలుగుతాయి. డీఎస్ఐ మాత్రం తీసుకోదు, దానికి ఆ గాడి లేదు. ఈ వరసలోని పాత గేమ్‌లు కొన్ని కలిపి కొత్త మెషిన్ల కోసం 2021లో తెచ్చిన అడ్వాన్స్ కలెక్షన్‌లో ఆడితే అసలు చీకటి గొడవే తెలియదు. పైగా ఆ రంగులు మంచి తెర మీద చూస్తే, అయ్యో ఇంత అందమా, ఇన్నేళ్లు దీన్నా తిట్టుకున్నాం అనిపిస్తుంది.

అందుకే ఎవరైనా ఈ గేమ్‌లో తప్పులు చెబుతుంటే నేను ముందు అడిగేది, ఏ మెషిన్ మీద ఆడారు అని. మెషిన్ తప్పులు పోయాయి. గేమ్ తప్పులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ కార్డుల పద్ధతి ఏమిటి?

ఈ గేమ్‌లో నాకు ప్రాణం అదే. పేరు డ్యూయల్ సెటప్ సిస్టమ్, పొట్టిగా డీఎస్ఎస్. 20 కార్డులు ఉంటాయి. పదేమో మెర్క్యురీ, వీనస్, జూపిటర్, మార్స్ ఇలా దేవతల పేర్లవి. అవి ఏం జరగాలో చెబుతాయి. ఇంకో పది శాలమాండర్, సర్పెంట్, గోలెమ్, యూనికార్న్ ఇలా వింత జీవులవి. అవి ఎలాంటి గుణంతో జరగాలో చెబుతాయి. అటొకటి, ఇటొకటి పెట్టి ఎల్ బటన్ నొక్కాలి. పదింటికి పది, మొత్తం 100 జతలు.

మెర్క్యురీకి శాలమాండర్ కలిపితే కొరడా మంటలు కక్కుతుంది. అదే మెర్క్యురీకి సర్పెంట్ కలిపితే మంచు. మార్స్ పెడితే కొరడా పోయి వేరే ఆయుధం చేతికొస్తుంది. జూపిటర్ మిమ్మల్ని కాపాడే వైపు. శాటర్న్ పెడితే వెంట తిరిగే తోడు వస్తుంది. ఏ జత ఏం చేస్తుందో వాడి చూసేదాకా గేమ్ చెప్పదు. కొత్త కార్డు పడిన రోజు మిగతా పని మానేసి, ఒక ఖాళీ గదిలో నిలబడి ఉన్నవాటన్నిటితో కలిపి చూడటమే. ఒక జత నేథన్‌ని అస్థిపంజరంగా మార్చేస్తుంది. ఎముకలు విసురుకుంటూ తిరగొచ్చు, ఒక్క దెబ్బ తగిలితే మాత్రం చస్తారు. ఎందుకు పెట్టారో ఎవరికీ తెలీదు. పెట్టినందుకు మాత్రం చాలా సంతోషం.

వీటిని వాడితే ఎంపీ ఖర్చవుతుంది. ఢిల్లీలో కూర్చునే ఎంపీ కాదు, మేజిక్ పాయింట్లు. ఖర్చయినా కాసేపు ఊరుకుంటే అదే మెల్లగా నిండుతుంది.

ఐదు గంటలు ఆడాను. నాకు నాలుగు కార్డులే ఉన్నాయి. ఏం తప్పు చేశాను?

మీరేం తప్పు చేయలేదు. ఇదే ఈ గేమ్ అసలు బలహీనత.

కార్డులు దాచిన పెట్టెల్లో ఉండవు, దుకాణంలో దొరకవు. శత్రువుల దగ్గర ఉంటాయి. ఒక్కో కార్డు ఫలానా జాతి శత్రువు దగ్గరే, అది కూడా చంపినప్పుడల్లా రాదు. ఎప్పుడో అదృష్టం బాగుంటే పడుతుంది. ఎవరి దగ్గర ఏది ఉందో గేమ్ ఎక్కడా చెప్పదు. కొన్ని కార్డులు మరీ అన్యాయం, గోడకున్న కొవ్వొత్తిలా నటించే శత్రువుల దగ్గర ఉంటాయి. కొవ్వొత్తిని చూసి శత్రువని ఎవడనుకుంటాడు?

మరీ చిరాకు తెప్పించేది ఏమిటంటే, గేమ్‌లో అన్నిటికంటే తెలివిగా ఆలోచించి పెట్టింది ఈ కార్డులనే. వంద జతలు ఆలోచించి, బొమ్మలు గీసి, శబ్దాలు చేసి, ఆఖరికి వాటిని లాటరీలో పెట్టారు. పెళ్లికి వంద రకాలు వండించి, చీటీ తగిలినవాడికే విస్తరి వేస్తామన్నట్టు. నేను మొదటిసారి ఆట ముగించేసరికి సగం కార్డులు చూడనే లేదు.

చేయగలిగింది ఒకటే. కొత్త జాతి శత్రువు కనబడితే, ఆ గదిలోంచి బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రండి, వాడు మళ్లీ పుడతాడు. పదిహేను ఇరవై సార్లు కొట్టండి. లక్ పెంచే వస్తువులుంటే తగిలించుకోండి. బస్సులో వెళ్తూ చేసే పని ఇది. ఇంట్లో కూర్చుని చేస్తే పిచ్చెక్కుతుంది.

కలెక్షన్‌లో ఆడితే కార్డులు తేలిగ్గా వస్తాయా?

రావు. కానీ మీ దగ్గర లేని కార్డు ఉన్న శత్రువు ఎదురైతే తెర మీద గుర్తు చూపిస్తుంది. వినడానికి చిన్న సాయం. నిజానికి ఆట స్వరూపమే మారిపోతుంది, ఎందుకంటే ఇప్పుడు కనీసం ఎవరిని కొట్టాలో తెలుస్తుంది. దాంతోపాటు ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు, కొన్ని క్షణాలు వెనక్కి తిప్పుకోవచ్చు. పాతకాలపు వీరులు దీన్ని చీటింగ్ అంటారు. నేను నలభైకి దగ్గరపడ్డాను, ఆదివారం తప్ప టైం లేదు. నాకు చీటింగ్ కాదు.

నేథన్ ఎందుకు అలా పెళ్లినడక నడుస్తాడు?

అది నిజంగానే తలనొప్పి. మామూలు నడక చాలా నెమ్మది. మొదట్లోనే డాష్ బూట్లు దొరుకుతాయి, అవి వచ్చాక పరుగెత్తొచ్చు. కానీ పరుగెత్తాలన్న ప్రతిసారీ దిశ బటన్‌ని రెండుసార్లు టకటకా నొక్కాలి. దిశ మార్చారా, మళ్లీ రెండుసార్లు. ఆట మొత్తం పరుగెత్తాల్సిందే కాబట్టి ఆట మొత్తం నొక్కుతూనే ఉంటారు. అలాంటప్పుడు మామూలు నడకనే పరుగులా పెడితే ఏం పోయింది? రెండు గంటలు ఆడాక ఎడమ బొటనవేలు మంట పుడుతుంది. మా ఆవిడ ఆ వేలికి కొబ్బరినూనె రాస్తూ అన్న మాటలు ఇక్కడ రాయను.

దూకడం కూడా మొదట్లో బిగుసుకుపోయినట్టు ఉంటుంది. రెండో గెంతు, గోడకి తన్ని ఎగరడం వచ్చేదాకా ఓపిక పట్టండి.

కష్టమైన గేమేనా?

ఈ వరసలో చేతి కన్సోల్‌కి వచ్చినవాటిలో గట్టిది. కారణం మూడు మాటల్లో చెప్పాలంటే, కోటలో కొట్టు లేదు. డబ్బులుండవు, కొనడం ఉండదు. గాయానికి మందు కావాలంటే శత్రువు చచ్చి పారేస్తేనే. ఆయుధం కూడా ఒక్క కొరడాయే, మంచి కత్తి దొరికితే బతికిపోతాం అనే ఆశ లేదు. కవచం, చేతికి తగిలించుకునేవి మార్చుకోవచ్చు, అంతే.

నాకు ఇది బలంలా అనిపిస్తుంది, మా తమ్ముడికి బలహీనత. వాడి వాదన, గోడకి తల బాదుకోవడానికి డబ్బులిచ్చి కొనాలా అని. నా వాదన, ఈ కరువు వల్లే ప్రతి చిన్న మందుసీసా బంగారంలా కనబడుతుంది, ఆడినంతవరకు ఆటని దాచుకునే ప్రతి సేవ్ గది దొరికినప్పుడు చలివేంద్రం దొరికినట్టు ఉంటుంది. దీని మీద మేం ఇద్దరం ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు రెండేసి అయిపోయేదాకా కొట్టుకున్నాం. తేలలేదు.

బాస్‌ల, అంటే దారి కాచే పెద్ద శత్రువుల, గొడవల్లో జంట జాంబీ డ్రాగన్లు, కెమిల్లా, ఆఖర్న డ్రాక్యులా రెండో రూపం, ఈ మూడు చోట్ల చాలామంది ఆగిపోతారు. మూడింటికీ మందు ఒకటే, చిన్న ఆయుధాల్లో సిలువని తీసుకుని వెళ్లండి, ఆ ఆయుధాలు విసిరినప్పుడల్లా ఖర్చయ్యే హృదయాలు నిండుగా ఉంచుకోండి. గొడ్డలి, పవిత్రజలం ముద్దుగా ఉంటాయి, బాస్ దగ్గర మాత్రం సిలువే.

నీళ్లలోకి దిగగానే చచ్చిపోతున్నాను!

నేల కింద నీటి దారుల్లోకి ముందే వెళ్లిపోయారు. ఆ నీళ్లు విషం. క్లెన్సింగ్ అనే శక్తి దొరికాకే దిగాలి. అది దొరికాక కూడా ఆ చోటు నరకమే, ఎందుకంటే మంచు శత్రువులు గడ్డకట్టించి వాయిస్తారు. నెప్ట్యూన్, సర్పెంట్ కార్డులు రెండూ ఉంటే జతచేసి పెట్టుకోండి, మంచు దెబ్బకి అది విరుగుడు. లేకపోతే లెవెల్ పెంచుకుని రండి. నేను లేకుండానే వెళ్లాను, ఆ వారం ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదని రికార్డుల్లో ఉంది.

కోటలో ఆ పోటీ గదులు, అరీనా, తప్పనిసరా?

కాదు. 17 గదులు వరసగా, లోపలికి వెళ్లగానే ఎంపీ సున్నా, కార్డులు పనిచేయవు. ముగిస్తే షైనింగ్ ఆర్మర్ అనే గొప్ప కవచం ఇస్తారు. దాన్ని గెలిచేంత సత్తా ఉన్నవాడికి ఆ కవచంతో పనేముంది? సరదా ఉంటేనే వెళ్లండి.

మ్యాప్ బాగుంటుందా, తప్పిపోతామా?

మ్యాప్ ఈ గేమ్ పెద్ద బలాల్లో ఒకటి. పాతాళంలో మొదలై పైకి ఎక్కుతారు. యంత్రాల గోపురం ఒకవైపు, ప్రార్థనా గోపురం ఒకవైపు, కింద గిడ్డంగులు, నీటి దారులు. ఒక్కో శక్తి ఒక్కో రకం అడ్డుని తీసేస్తుంది. రాళ్లని గుద్ది పగలగొట్టేది టాకిల్, బరువైన పెట్టెల్ని నెట్టేది హెవీ రింగ్, గోడని తన్ని ఎక్కేది కిక్ బూట్స్, చివరికి పైకప్పు దాకా ఎగరేసేది రాక్ వింగ్. పాతబస్తీ సందుల్లాగే, మొదట గజిబిజి, నాలుగుసార్లు తిరిగాక కళ్లు మూసుకుని వెళ్లొచ్చు.

ఒక లోపం ఉంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకించే వార్ప్ గదులు ఉన్నా అన్నీ మీకు కావాల్సిన మూలకి దగ్గరగా ఉండవు. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలో కూడా గేమ్ చెప్పదు. కొత్త శక్తి రాగానే, ఇదివరకు ఎక్కడ ఆగిపోయానో గుర్తుచేసుకోవాలి. నేను చిన్నప్పుడు రూళ్ల నోటుబుక్కు వెనక పేజీలో "పెట్టె, కుడివైపు, కదలట్లేదు" అని రాసుకునేవాణ్ని. ఇప్పుడు ఫోన్లో ఫోటో తీసుకుంటే సరిపోతుంది.

సంగీతం?

చాలా బాగుంటుంది. ఆ బుల్లి స్పీకర్‌లోంచి కాదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. కొన్ని బాణీలు కొత్తవి, కొన్ని ఈ వరసలోని పాత గేమ్‌ల నుంచి తెచ్చి మళ్లీ కట్టినవి. ఆ తర్వాతి సంవత్సరం ఇదే కన్సోల్ మీద వచ్చిన హార్మనీ ఆఫ్ డిసనెన్స్‌లో పాటల మోత దీనికంటే గరుకుగా ఉంటుంది, రెండూ వెంట వెంటనే వింటే తెలిసిపోతుంది.

బొమ్మలు?

నేపథ్యాలు బాగా గీశారు. మనుషులు, రాక్షసులు మాత్రం చిన్నగా ఉంటారు, కదలికలు తునకలు తునకలుగా ఉంటాయి. నేథన్ నడుస్తుంటే అంగీ కాగితంలా ఊగుతుంది. బాస్‌లు పెద్దవి, వాటి మీద శ్రద్ధ కనబడుతుంది. ఇక రంగు మార్చిన అదే శత్రువు మళ్లీ మళ్లీ రావడం, దానికి సాకు లేదు.

ఎంత టైం పడుతుంది? బస్సులో ఆడే గేమేనా?

నాకు మొదటిసారి పదిహేను గంటలు పట్టింది, కార్డుల కోసం తిరిగిన టైం కలిపి. బస్సుకి సరిపోతుందా అంటే సగం. కార్డుల వేటకి, లెవెల్ పెంచడానికి గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా ప్రయాణం అమృతం. కొత్త చోటు వెతకడానికి మాత్రం కాదు. సేవ్ గది ఎక్కడో తెలియదు, మీ స్టాపు వచ్చేస్తుంది, చేతిలో కన్సోల్ తెరిచి పెట్టుకుని ఎన్ఏడీ దగ్గర జనం మధ్యలోంచి దిగడం నాకు అనుభవమే. కలెక్షన్‌లో ఈ బాధ లేదు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపేయొచ్చు.

పాత కాట్రిడ్జ్ కొనాలా, కలెక్షన్ కొనాలా?

ఆడటానికైతే కలెక్షన్. స్విచ్, పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్, పీసీలో స్టీమ్ మీద ఉంది. స్విచ్ మన దగ్గరికి ఎక్కువగా దిగుమతి సరుకుగానే వస్తుంది కాబట్టి, కేవలం దీనికోసం కొనకండి. ల్యాప్‌టాప్ ఉంటే స్టీమ్ చాలు. అందులో ఇదొక్కటే కాదు, హార్మనీ ఆఫ్ డిసనెన్స్, అరియా ఆఫ్ సారో, సూపర్ నింటెండో కాలం నాటి డ్రాక్యులా ఎక్స్ కూడా ఉంటాయి.

కాట్రిడ్జ్ దాచుకోవడానికి కావాలంటే జాగ్రత్త. నకిలీలు బోలెడు. నేను ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర కొన్నాను, పదకొండు గంటల ఆట సేవ్ చేసి పడుకుంటే పొద్దున్న ఖాళీ. డబ్బు వెనక్కి అడిగితే "ఆడటానికి ఇచ్చాంగానీ దాచుకోవడానికా?" అని జవాబు. స్టిక్కర్ రంగు వెలిసినట్టు, అచ్చు మసకగా ఉంటే, ధర మరీ తక్కువుంటే వదిలేయండి. కొనేముందు సేవ్ చేసి, ఆపి, మళ్లీ పెట్టి చూపించమనండి.

ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకుని ఆడితే?

డబ్బిచ్చి కొనే దారి ఉన్నప్పుడు దొంగ కాపీ దారి నేను చూపించను. పైగా గాజు తెర మీద రెండుసార్లు టకటకా నొక్కి పరుగెత్తడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పాత కన్సోల్ వైజాగ్ గాలికి నిలుస్తుందా?

నిలుస్తుంది, చూసుకుంటే. మన ఉప్పు గాలికి గేటు తాళాలే పట్టేస్తాయి, ఇక బ్యాటరీ రేకులెంత. ఆడనప్పుడు సెల్స్ తీసేయండి. రేకుల మీద పచ్చగా పట్టిందంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. కాట్రిడ్జ్ కాళ్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది. నోటితో ఊదొద్దు, తేమ చేరుతుంది.

మొదటి మోడల్‌లో ఒక గొప్పతనం ఉంది. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే దాదాపు పదిహేను గంటలు నడుస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు చచ్చాయి, ఇన్వర్టర్లు చచ్చాయి. వీధిలో పడ్డ చెట్లు కోసి అలసిపోయి వచ్చాక, పగలు బాల్కనీలో ఆ గుడ్డి తెర కన్సోల్ ఒక్కటే పనిచేసింది. చుట్టుపక్కల పిల్లలు తలా పది నిమిషాలు ఆడారు. ఒకడు చచ్చినప్పుడల్లా వంతు మారేది, ఈ గేమ్ కాబట్టి వంతులు బేగి బేగి మారాయి.

మా గుంటడికి తొమ్మిదేళ్లు. ఇవ్వచ్చా?

అమెరికాలో దీనికి టీన్ రేటింగ్, అంటే పదమూడు దాటినవాళ్లకి. రక్తం ఎక్కువ ఉండదు, అస్థిపంజరాలూ రాక్షసులూ ఉంటాయి. భయం కంటే విసుగు ఎక్కువ సమస్య. తొమ్మిదేళ్లవాడు మొదటి బాస్ దగ్గరే కన్సోల్ విసిరేస్తాడు. మీరు పక్కన కూర్చుని, వెనక్కి తిప్పే బటన్ చూపించి ఆడిస్తే వేరే సంగతి.

ఇది అసలు కథాక్రమంలో లేదంటారు, నిజమేనా?

నిజమే. ఈ వరసని తర్వాత నడిపించిన కోజి ఇగరాషి దీని తయారీలో లేడు. ఆయన కథాకాలక్రమం సరిచేసినప్పుడు దీన్ని పక్కన పెట్టాడు. పెళ్లి ఫోటోలో అంచున నిలబెట్టిన బాబాయ్ లాంటి గేమ్. దానివల్ల ఆడేవాళ్లకి నష్టమేమీ లేదు, ఇంకో గేమ్ తెలియకపోయినా ఇది అర్థమవుతుంది.

ఒకసారి ముగించాక మళ్లీ ఆడాలా?

తప్పకుండా, కనీసం ఒక్కసారి. ముగించగానే మెజీషియన్ మోడ్ వస్తుంది. అందులో బలం తక్కువ, కానీ కార్డులన్నీ మొదటినుంచే మీ చేతిలో. నేను పైన ఏడ్చిన ఏడుపు మొత్తానికి జవాబు వీళ్ల దగ్గర ముందునుంచే ఉందన్నమాట, ఒకసారి బాధపడ్డాకే ఇస్తామన్నారు. వంద జతలూ చూడాలంటే అక్కడే చూడండి. తర్వాత వరసగా ఫైటర్, షూటర్, థీఫ్ మోడ్‌లు. ఫైటర్‌లో కార్డులే ఉండవు, ఒళ్లు బలం. థీఫ్‌లో లక్ ఎక్కువ. నేను థీఫ్ మధ్యలో ఆపేశాను.

కలెక్షన్‌లో ఇన్ని ఉంటే ఏది ముందు ఆడాలి?

ఈ రకం గేమ్ ఎప్పుడూ ఆడనివాళ్లు 2003 నాటి అరియా ఆఫ్ సారోతో మొదలుపెట్టండి. చేయి తిరుగుతుంది, నడక హాయిగా ఉంటుంది, శత్రువుల ఆత్మలు పట్టుకునే పద్ధతి కూడా ఇంతకంటే దయగలది. అదయ్యాక ఇటు రండి. నేను ఇటునుంచి అటు వెళ్లాను, అరియా మరీ సులువుగా అనిపించింది, దాని మీద అన్యాయంగా చిన్నచూపు ఏర్పడింది.

మీ దగ్గర ఆ మొదటి కన్సోల్ ఇంకా ఉందా? ఒకసారి ఆడి చూడొచ్చా?

ఉంది, నడుస్తోంది. ఎల్ బటన్ కాస్త గట్టిగా నొక్కాలి. ఆదివారం సాయంత్రం నాలుగున్నర లోపు డాబా మీదకి రండి, ఆ తర్వాత తెర కనబడదు. పెన్సిల్ సెల్స్ రెండు మీరే తెచ్చుకోండి.